మార్కులు పోయేది మామూలు చర్మంలా కనిపించే స్లైడు దగ్గరే

డెర్మటోపాథాలజీ (చర్మపు ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి జబ్బు తేల్చే విభాగం) పరీక్ష రిజల్ట్ వచ్చింది, రెండో ప్రయత్నంలో గట్టెక్కాను. ఎలా చదివావని అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను. సిలబస్, పేపర్ పద్ధతి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

డెర్మటోపాథాలజీలో థియరీ అందరూ చదువుతారు. తేడా వచ్చేది మైక్రోస్కోప్ దగ్గర. అదీ మెలనోమా, లింఫోమా లాంటి క్యాన్సర్ల పెద్ద పేర్ల దగ్గర కాదు, 4ఎక్స్ లెన్సు కింద పెట్టగానే "ఇందులో ఏముంది, మామూలు చర్మమే కదా" అనిపించే స్లైడు దగ్గర. మొదటిసారి నా కొంప ముంచింది అదే. రక్తనాళాల చుట్టూ నాలుగు లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) కనిపించగానే 40ఎక్స్‌కి దూకి, పెరివాస్కులర్ డెర్మటైటిస్ (రక్తనాళాల చుట్టూ వాపు) అని రాసేశాను. జవాబు పైన స్ట్రేటమ్ కార్నియంలో (చర్మానికి అన్నిటికన్నా పై పొర) ఉంది: ఫంగస్ పొట్టి హైఫాలు (పోగులు), గుండ్రటి స్పోర్లు. టీనియా వర్సికలర్. మామూలుగా వేసే హెచ్ అండ్ ఈ స్టెయిన్ (రంగు) లోనే లేత నీలంగా కనిపిస్తాయి, చూస్తే.

ఇలాంటి స్లైడు వస్తే పైనుంచి కిందికి దిగండి, ఒక్క పొర కూడా వదలొద్దు. ముందు ఏ భాగపు చర్మమో తేల్చుకోండి. అరచేతి చర్మానికి కార్నియం మందంగానే ఉంటుంది, అక్కడ హైపర్‌కెరటోసిస్ (కార్నియం మామూలు కంటే మందం కావడం) అని రాస్తే నవ్వుతారు. తర్వాత కార్నియం. పైన బుట్ట అల్లికలా మామూలుగా ఉండి, కింద గట్టిగా అదిమినట్టో పారాకెరటోసిస్‌తోనో (కార్నియం కణాల్లో న్యూక్లియస్‌లు మిగిలిపోవడం) ఉంటే ఆ రెండింటి మధ్య ఫంగస్ కోసం వెతకాలి. కార్నియంలో న్యూట్రోఫిల్ (మరో రకం తెల్లకణం) కనిపించినా ఫంగస్‌ను చూపే పీఏఎస్ స్టెయిన్ అడగాల్సిందే. కార్నియం దళసరిగా ఉండి కింద గ్రాన్యులర్ లేయర్ పలచబడినా, మాయమైనా ఇక్థియోసిస్ వల్గారిస్ (చర్మం పొలుసులు కట్టే జబ్బు) గుర్తు రావాలి.

బేసల్ లేయర్‌లో (ఎపిడెర్మిస్, అంటే చర్మపు పై భాగం, దాని అడుగు వరుస) సుమారు పది కణాలకు ఒక మెలనోసైట్ (రంగు తయారుచేసే కణం) ఉండాలి. చాలా దూరం వెళ్లినా ఒక్కటీ లేకపోతే విటిలిగో (బొల్లి). మెలనోసైట్లను చూపే మెలన్-ఏ స్టెయిన్‌తో తేల్చుకోవాలి. పాపిల్లరీ డెర్మిస్‌లో (ఎపిడెర్మిస్‌కు వెంటనే కింది పొర) లేత గులాబీ ముద్దలు, పక్కనే మెలనోఫేజ్‌లు (రంగును మింగిన కణాలు) ఉంటే మాక్యులర్ అమిలాయిడోసిస్ (అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకునే జబ్బు). దాన్ని చూపే కాంగో రెడ్ స్టెయిన్‌కి 4 మైక్రాన్ల సెక్షన్ సరిపోదు, 8 నుంచి 10 మైక్రాన్లు కావాలి; పలచగా కోస్తే పోలరైజర్ కింద ఆపిల్ పచ్చ రంగు చిక్కదు. రక్తనాళాల చుట్టూ ఉన్నవి లింఫోసైట్లేనా, మాస్ట్ సెల్సా? గీమ్సా, సీడీ117 స్టెయిన్లు చెబుతాయి. కొలాజెన్ కాస్త విడిపోయి, రక్తనాళాల లోపల న్యూట్రోఫిల్స్, బయట ఒకటి రెండు ఇయోసినోఫిల్స్ (ఇంకో రకం తెల్లకణాలు) ఉంటే అర్టికేరియా (దద్దుర్లు). చెమట గ్రంథుల చుట్టూ సన్నటి నల్ల రేణువులు వరుస కట్టి ఉంటే ఆర్గైరియా (చర్మంలో వెండి చేరడం). ఇంతా చూసి ఏమీ దొరక్కపోతే ఎలాస్టిక్ స్టెయిన్ అడగండి, అనెటోడెర్మా (చర్మంలో సాగే పోగులు పోయే జబ్బు) అక్కడ బయటపడుతుంది.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను. లైకెన్ ప్లానస్ అనుకున్న చోట పారాకెరటోసిస్, ఇయోసినోఫిల్స్ కనిపిస్తే మందుల వల్ల వచ్చిందేమో ఆలోచించండి. పాత బొబ్బ అడుగున ఎపిడెర్మిస్ మళ్లీ పెరిగి, సబ్‌ఎపిడెర్మల్ (ఎపిడెర్మిస్ కింది) బొబ్బ కాస్తా ఇంట్రాఎపిడెర్మల్ (ఎపిడెర్మిస్ లోపలి) బొబ్బలా కనబడుతుంది, అందుకే అంచు చూడాలి. ఇమ్యునోఫ్లోరెసెన్స్ (యాంటీబాడీలను మెరిసేలా చూపే పరీక్ష) కోసం బొబ్బ పక్క చర్మాన్ని మైకెల్స్ మీడియం అనే ద్రవంలో పంపాలి, ఫార్మలిన్‌లో వేస్తే ఆ ముక్క దానికి పనికిరాదు. మళ్లీ తీసిన బయాప్సీలో గోధుమరంగు రేణువులన్నీ మెలనిన్ కావు. రక్తం ఆపడానికి పూసిన మాన్‌సెల్ ద్రావణంలోని ఇనుము కూడా కావచ్చు, ఇనుమును చూపే పెర్ల్స్ స్టెయిన్ వేస్తే నీలంగా తేలుతుంది.

మెలనోమాలో బ్రెస్లో మందం (కణితి ఎంత లోతుకు దిగిందో చెప్పే కొలత) గ్రాన్యులర్ లేయర్ పై అంచు నుంచి, పుండు ఉంటే పుండు అడుగు నుంచి కొలవాలి. 0.8 మి.మీ. లోపు ఉండి పుండు లేకపోతే స్టేజింగ్‌లో టీ1ఏ. 0.8 నుంచి 1.0 దాకా, లేదా 0.8 లోపే అయినా పుండు ఉంటే టీ1బీ. హెయిర్ ఫాలికల్ ఎపిథీలియం లోపలే దిగిన కణాలు ఇన్ సైటూ (ఎపిథీలియం దాటి లోపలికి చొరబడని దశ) కిందకే వస్తాయి, వాటిని లోతుగా లెక్కేయకండి. మైటోసిస్ (విభజన చెందుతున్న కణాలు) ఎన్నో చదరపు మి.మీ. లెక్కన చెప్పాలి. ఐపీస్ ఫీల్డ్ నంబర్ (కనిపించే వృత్తం సైజు చెప్పే అంకె) 22 అయితే 40ఎక్స్‌లో వ్యాసం 0.55 మి.మీ., వైశాల్యం దాదాపు 0.24 చదరపు మి.మీ. అంటే ఒక చదరపు మి.మీ.కి నాలుగు ఫీల్డుల కంటే కొంచెం ఎక్కువ పడతాయి. పది ఫీల్డులు లెక్కపెట్టి రాసినవాళ్లను చూశాను.

రోజుకు 20 స్లైడులు, లేబుల్ మూసి, డయాగ్నోసిస్ కాగితం మీద పెట్టాకే లేబుల్ చూడాలి. మనసులో అనుకుంటే చాలదు, మనసు తర్వాత మాట మార్చేస్తుంది. తప్పుల్ని జబ్బు పేరుతో కాదు, కారణంతో రాసుకోండి: 'కార్నియం చూడలేదు', 'సైట్ పట్టించుకోలేదు'. నా లెక్కలో సగానికి పైగా ఆ రెండే. మొదటిసారి చదవక ఫెయిలయ్యాననుకున్నవాళ్లకు చెబుతున్నా, చదివాను. చూడలేదు, అంతే.

ఎగ్జామ్ హాల్లో మైక్రోస్కోప్ మనది కాదు. కూర్చోగానే ఐపీస్ మీద ఫీల్డ్ నంబర్ చదివి పేపర్ మూల రాసుకోండి, కండెన్సర్ (స్లైడు మీదికి కాంతిని పోగుచేసే లెన్సు) సరిచేసుకోండి. ఫంగస్ అనుమానం వచ్చినప్పుడు ఆ కండెన్సర్‌నే కాస్త కిందికి దించి చూడండి, కార్నియంలో హైఫాల గోడలు మెరుస్తూ విడిగా తెలుస్తాయి.