ముప్ఫయ్యో రోజు

మొన్న శుక్రవారం రాత్రి హ్యాండోవర్ అయ్యాక మా యూనిట్‌లో పనిచేసే కుర్ర డాక్టర్ ఒకతను మెట్ల దాకా నా వెనకే వచ్చాడు. పీడియాట్రిక్స్ ఎండీ అయిపోయింది, సూపర్ స్పెషాలిటీ సీటు కోసం రాసే నీట్ ఎస్‌ఎస్‌కి చదువుతున్నాడు. "మేడం, నియోనేటాలజీ పెట్టుకుందామని ఉంది. మీరేమంటారు?" అని అడిగాడు. నియోనేటాలజీ అంటే అప్పుడే పుట్టిన పిల్లల వైద్యం, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవాళ్లది. వాళ్ల నాన్నగారేమో సూర్యాపేటలో స్థలం కొని ఉంచారట, పిల్లల క్లినిక్ పెట్టమని.

రాత్రి పదింటికి మెట్ల మీద నిలబడి చెప్పే జవాబు కాదది. రేపు నా శనివారం ఓపీకి వచ్చి కూర్చో, ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. వచ్చాడు, కూర్చున్నాడు, మాట్లాడుకున్నాం. కానీ చెప్పాలనుకున్నదాంట్లో సగమే చెప్పగలిగాను. ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని తిరిగేవాళ్లు ఇంకా ఉంటారని మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్కలు చెప్పేస్తాను. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. ఎండీ 3. ఆ పైన సూపర్ స్పెషాలిటీ డిగ్రీ, డీఎం కానీ డీఆర్‌ఎన్‌బీ కానీ, ఇంకో 3. మధ్యలో ఒక్క ఏడాది కూడా పోకపోతే పదకొండున్నరేళ్లు. చాలామందికి సీటు కోసం ఒకటి రెండేళ్లు పోతాయి, నాకూ పోయాయి. నేను డీఎం పూర్తి చేసేసరికి 32 ఏళ్లు. ఇంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చుని ఇంజినీరింగ్‌కి వెళ్లిన స్నేహితురాలి కూతురు అప్పటికి రెండో తరగతి.

ఇంకో సంగతి. ఈ బ్రాంచి చదివి ఒంటరిగా బోర్డు పెట్టుకుని కూర్చోలేం. పగలూ రాత్రీ సిస్టర్లు ఉండాలి, ఆక్సిజన్ లైన్ ఉండాలి, బ్లడ్ గ్యాస్ మిషన్ ఉండాలి, కరెంటు పోతే క్షణం కూడా ఆగని బ్యాకప్ ఉండాలి. అందుకని జీవితమంతా ఏదో ఒక ఆస్పత్రిని అంటిపెట్టుకునే పనిచేయాలి. సొంత క్లినిక్ పెట్టుకున్న నా బ్యాచ్‌వాళ్లు నాకంటే ముందే ఇల్లు కట్టుకున్నారు, రాత్రిళ్లు నిద్రపోతారు కూడా. నా కూతురి మూడో పుట్టినరోజు కేక్ కోయడం నేను ఫోన్‌లో వీడియో చూశాను. ఇవేవీ దాచి ఈ బ్రాంచిలోకి ఎవరినీ పిలవకూడదని నా అభిప్రాయం.

అయినా కుర్ర డాక్టర్లు ఈ బ్రాంచికి ఎందుకు వస్తారో నాకు తెలుసు. నేను వచ్చిన కారణమూ అదే. 900 గ్రాముల బిడ్డ పుడుతుంది. రెండు అర లీటరు పాల ప్యాకెట్లకంటే తక్కువ బరువు. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపితే ఒక చిన్న టీ కప్పు నిండుతుందేమో, అందుకే పరీక్షకి అర మిల్లీలీటరు తీసినా చార్టులో రాసుకుంటాం. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతూ ఉంటుంది, మూలుగు వినిపిస్తూ ఉంటుంది. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచే సర్ఫ్యాక్టెంట్, పాలలా తెల్లగా ఉంటుంది, సన్నటి గొట్టం లోంచి రెండు మిల్లీలీటర్ల పైచిలుకు వేస్తాం. పంది ఊపిరితిత్తుల నుంచో, ఆవు ఊపిరితిత్తుల నుంచో తీసిన మందు. కొన్ని నిమిషాల్లోనే మూలుగు తగ్గుతుంది, ఆక్సిజన్ అవసరం 60 శాతం నుంచి 30కి దిగుతుంది. ఒకసారి అది కళ్లారా చూసినవాళ్లకి ఇంకో బ్రాంచి ఆనదు.

కొత్తగా వచ్చినవాళ్లకి ఆ సిరంజి చేతిలో ఉండగానే నేను ఒక పాత సంగతి చెబుతాను. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి కొడుకు పుట్టాడు, ప్యాట్రిక్ అని. ఐదున్నర వారాల ముందు పుట్టాడు, బరువు రెండు కిలోల పైనే. ఊపిరితిత్తులు తెరుచుకోక 39 గంటలకి చనిపోయాడు. ఆ జబ్బుకి కారణం సర్ఫ్యాక్టెంట్ లేకపోవడమేనని మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టర్ అప్పటికి నాలుగేళ్ల ముందే, 1959లో చెప్పింది. కారణం తెలుసు, చేతిలో మందు లేదు. జపాన్‌లో ఫుజివారా అనే డాక్టర్ ఆ మందు పిల్లలకి వాడి ఫలితాలు ప్రచురించింది 1980లో. ఈ రోజు అలాంటి రెండు కిలోల బిడ్డ మా దగ్గర పుడితే ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మీద కొద్ది రోజులు ఉండి, తల్లి ఒళ్లో కూర్చుని ఇంటికి పోతాడు. 1963 అంటే మా అమ్మ పుట్టిన ఏడాది. నియోనేటాలజీ అన్న మాటే 1960లో పుట్టింది. ఒక మనిషి జీవితకాలంలో ఇంత దూరం వచ్చిన బ్రాంచి ఇది.

కానీ నేను ఇందులో ఉండిపోవడానికి కారణం ఆ సిరంజి కాదు.

ఎండీ అయ్యాక, డీఎం సీటు రాకముందు, ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో ఏడాది పనిచేశాను. 31 వారాలకి పుట్టిన మగబిడ్డ, 1350 గ్రాములు. మహబూబ్‌నగర్ వైపు పల్లెవాళ్లు. తండ్రి కొండాపూర్‌లో తాపీ మేస్త్రీ. మొదటి పది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు, ఒకసారి ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గింది. తల్లి పుస్తెలతాడు కుదువపెట్టి బిల్లు కట్టారు. 26వ రోజున డిశ్చార్జ్ చేశాను. బిడ్డ పాలు బాగా తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు. తల్లి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు ఇంటికి చాలా సంతోషంగా వెళ్లాను.

నాలుగు నెలల తర్వాత, దీపావళి అయిన వారానికి, బిడ్డ నాయనమ్మ తీసుకుని వచ్చింది. "చుట్టూ దీపాలు పెట్టినం మేడం, పోరడు ఎటూ చూస్తలేడు. తల్లి మొఖం కూడా చూస్తలేడు" అంది. టార్చ్ వేసి చూశాను. రెండు కంటిపాపల వెనకా తెల్లగా ఉంది. కంటి ఆస్పత్రికి పంపాను. రెండు రెటీనాలూ పూర్తిగా ఊడిపోయాయి, ఇక చేయగలిగింది లేదన్నారు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి వచ్చే ఈ జబ్బుని మేం ఆర్‌ఓపీ అంటాం. పుట్టేనాటికి రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు, బయటికొచ్చాక అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాని పట్టి లాగేస్తాయి. సమయానికి చూస్తే లేజర్‌తోనో, కంట్లో ఇంజెక్షన్‌తోనో ఆపవచ్చు. ఉన్న వ్యవధి కొన్ని వారాలే. అందుకే మన దేశంలో 2 కిలోలకి తక్కువ బరువుతోనో, 34 వారాల లోపో పుట్టిన ప్రతి బిడ్డకీ 30 రోజుల్లోపు మొదటి కంటి పరీక్ష అయిపోవాలి. మరీ చిన్న పిల్లలకి ఇంకా ముందే, మూడో వారంలోనే.

డిశ్చార్జ్ సమ్మరీలో కంటి పరీక్ష గురించి రాశావు కదా, నీ తప్పేం లేదు అన్నారు అప్పటి సీనియర్. రాశాను. రెండో పేజీలో, ఇంగ్లిష్‌లో, ఒక లైను. నా చేతిరాతే. ఆ ఇంట్లో ఇంగ్లిష్ చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంకా నాలుగు రోజుల్లో చేయించాల్సిన పరీక్ష గురించి నేను నోటితో చెప్పానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చెప్పే ఉంటానని సర్దిచెప్పుకోలేకపోయాను. ఆ బిడ్డ ప్రాణం కాపాడామనే అనుకున్నాం, ఆ ఇంటికి మేం పంపింది మాత్రం చూపులేని బిడ్డని. డీఎం చేయాలని గట్టిగా పట్టుబట్టింది ఆ తర్వాతే.

చదువుకుంటూ పోయేకొద్దీ తెలిసింది, ఈ బ్రాంచి మొత్తం ఆ కళ్ల దగ్గర ఒకసారి తప్పటడుగు వేసి నేర్చుకుందని. 1940లు, 50లలో ఇంక్యుబేటర్లలోకి ఆక్సిజన్ ధారాళంగా వదిలేవారు. ఎంత ఎక్కువైతే అంత మేలనుకున్నారు. ప్రపంచంలో దాదాపు పది వేల మంది పిల్లలకి చూపు పోయింది. 1950లో ఆరు వారాల ముందు పుట్టిన స్టీవీ వండర్ చూపు పోయింది కూడా ఈ జబ్బుతోనే. కారణం ఆక్సిజన్ అని తేలాక భయపడి బాగా తగ్గించేశారు, అప్పుడు ఊపిరాడక పోయే పిల్లలు ఎక్కువయ్యారు. ఎంత ఇవ్వాలన్నది తేల్చడానికి పెద్ద ట్రయల్సే జరిగాయి. 2010లో వచ్చిన ఒక దాంట్లో శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 85 నుంచి 89 మధ్య ఉంచిన పిల్లల్లో కళ్ల జబ్బు తగ్గింది, చావులు పెరిగాయి. 91 నుంచి 95 మధ్య ఉంచితే బతికినవాళ్లు ఎక్కువ, కళ్ల జబ్బూ ఎక్కువ. ఇప్పుడు మేం 90, 95 మధ్య ఉంచి, కళ్లని కనిపెట్టుకుని ఉంటాం. మానిటర్ మీద 98 కనిపిస్తే తండ్రులు సంతోషపడతారు. ఆక్సిజన్ పెట్టిన నెలలు నిండని బిడ్డకి 98 చూస్తే మా సిస్టర్ గబగబా వచ్చి ఆక్సిజన్ తగ్గిస్తుంది. ఆ చేతికి వెంటిలేటర్ పెట్టే చేతికున్నంత విలువ ఉంది.

ఈ విషయంలో హైదరాబాద్ అదృష్టం ఉన్న ఊరు. 1990ల చివరి నుంచే ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లు జంటనగరాల్లోని యూనిట్లకి తామే వచ్చి, బిడ్డని వెచ్చగా ఉంచే వార్మర్ దగ్గరే పిల్లల కళ్లు చూడటం మొదలుపెట్టారు. బిడ్డని కంటి డాక్టర్ దగ్గరికి మోసుకుపోవడం కాదు, కంటి డాక్టరే బిడ్డ దగ్గరికి రావడం. నాకు ఆ మార్గమే సరైనదనిపిస్తుంది. మా యూనిట్‌లో ఇప్పుడు మొదటి పరీక్ష వేళకి దగ్గర పడుతున్న ఏ బిడ్డనీ అది అవకుండా ఇంటికి పంపం. తర్వాతి తేదీని ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో, తెలుగులోనో ఉర్దూలోనో, ఎవరు చదవగలిగితే వాళ్ల భాషలో నేనే రాస్తాను. తల్లి చేత చదివించుకుంటాను. తల్లికి చదువు రాకపోతే తేదీ కాకుండా వారం పేరు, పక్కన వచ్చే పండగ పేరు చెప్పించుకుంటాను.

నా పని సగం ఇలా మాట్లాడటమే అని చదివేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. రోజూ ఉదయం పదకొండింటికి, సాయంత్రం ఆరింటికి బయటికొచ్చి ఒక్కొక్క ఇంటివాళ్లతో మాట్లాడతాను. "ఏడో నెల బిడ్డ బతుకుతడు గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకడంట గద మేడం" అని ప్రతి నెలా ఏదో ఒక అమ్మమ్మ అడుగుతుంది. కాదమ్మా, కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకి బలమే అని ఓపిగ్గా చెప్పాలి. ఆ ఎనిమిదో నెల మాట నమ్మి తల్లి బిడ్డ కోసం పాలు పిండి పంపడం మానేయకుండా ఉందా లేదా, అదీ నాకు కావాల్సింది. బిడ్డ బతకని రోజు కూడా చెప్పాల్సింది నేనే. అప్పుడు నిలబడి చెప్పను, పక్కన కూర్చుంటాను.

ఈ ఓపిక నాకు హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో వచ్చింది. ఎండీలో పోస్టింగ్ అక్కడే. నిజాం చిన్న కోడలు నీలోఫర్, తన దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోతే, ఇంకెవరికీ అలా కాకూడదని పట్టుబట్టి కట్టించిన ఆస్పత్రి, 1953లో మొదలైంది. ఆవిడకి పిల్లలు లేరు. రెడ్‌హిల్స్ ఫుట్‌పాత్ మీద దుప్పట్లు పరుచుకుని నిద్రపోతున్న తండ్రులని దాటుకుంటూ తెల్లవారుజామున చాయ్‌కి వెళ్లేవాళ్లం. "మానిటర్ తర్వాత చూద్దురు, ముందు బిడ్డ రంగు చూడండి డాక్టర్" అని అక్కడ ఒక పెద్ద సిస్టర్ చెప్పింది. ఇప్పటికీ రౌండ్స్‌లో ముందు బిడ్డనే చూస్తాను. 2017లో ఆ ఆస్పత్రిలోనే ధాత్రి తల్లిపాల బ్యాంకు వచ్చింది. ముంబయి సయన్ ఆస్పత్రిలో ఆర్మిడా ఫెర్నాండెజ్ అనే నియోనేటాలజిస్ట్ 1989లోనే అలాంటిది మొదలుపెట్టారు, ఆసియాలో అదే మొదటిది. మిషన్లు కొనలేని చోట కూడా ఈ బ్రాంచిలో చేయాల్సిన పెద్ద పనులు ఉన్నాయని మా కుర్రాడికి చెప్పింది ఇందుకే.

ఇక శనివారం సంగతి. మా యూనిట్ నుంచి ఇంటికెళ్లిన పిల్లలు ఎలా ఎదుగుతున్నారో చూసే ఓపీ ఇది. పది నుంచి రెండు దాకా పదకొండు మంది పిల్లలు వచ్చారు. నేల మీద చాప, ఎర్ర ఉన్ని బంతి, గిలక్కాయ, చిన్న గంట, ఇవే నా పరికరాలు. తల్లులు పుట్టిన తేదీ నుంచి లెక్కపెడతారు, మేం డెలివరీ డేట్ నుంచి లెక్కపెడతాం. అందుకే పదకొండు నెలల పాప ఇంకా పాకడం లేదని తల్లి కంగారుపడుతుంటే, నీ బిడ్డకి మా లెక్కలో ఎనిమిదే అమ్మా అని చెబితే ఆమె ముఖం తేటపడింది. మూడో నెలలో చేసిన బెరా పరీక్షలో వినికిడి లోపం దొరికిన పాప మిషన్ పెట్టుకుని వచ్చి, గంట కొడితే తల తిప్పింది. ఒక బాబుకి కాళ్లు బిగుసుకుని కత్తెరలా పడుతున్నాయి. మొదటి వారంలో మెదడులో రక్తస్రావం అయిన బిడ్డ. తల్లి రోజుకి నాలుగు సార్లు వ్యాయామం చేయిస్తోంది, పాత దుప్పటిని చుట్టగా చుట్టి దాని మీద ఎలా కూర్చోబెడుతుందో చూపించింది. నడుస్తాడా మేడం అని అడిగింది. ఇప్పుడే చెప్పలేను, మీరు చేసేది మాత్రం ఆపకండి అన్నాను. అది నిజం కాబట్టి అన్నాను.

ఏడో నంబరుగా వచ్చిన రెండేళ్ల పిల్ల చాప దాటి వెళ్లి మా కుర్రాడి మెడలోని స్టెత్ పట్టి లాగింది. ఫైలు తిరగేస్తూ అతను ఆగిపోయాడు. మా దగ్గర పిల్లలకి పేర్లుండవు, బేబీ ఆఫ్ అని తల్లి పేరు రాస్తాం. బేబీ ఆఫ్ పక్కన తల్లి పేరు చదివాక గుర్తుపట్టాడు, ఆ పిల్ల పుట్టిన రాత్రి బొడ్డు రక్తనాళంలో లైన్ పెట్టింది అతనే. 940 గ్రాములు. "ఈమె పేరేంటమ్మా?" అని అడిగాడు తల్లిని. తర్వాత కాస్త సేపు ఆ పిల్లకి స్టెత్ ఇచ్చి ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

సూర్యాపేట స్థలం గురించి అతనింకా తేల్చుకోలేదు. తొందరపెట్టను. సొంత ఊళ్లో మంచి పిల్లల డాక్టరుగా ఉండటం చిన్న పనేం కాదు, 30 రోజుల సంగతి తెలిసిన డాక్టరైతే మరీ అవసరం. ఆ మాటా చెప్పాను. వచ్చే శనివారం కూడా వచ్చి కూర్చుంటానన్నాడు.

వచ్చేవారం లిస్టులో పన్నెండు మంది ఉన్నారు. అందులో ఒకరికి రెండో కంటి పరీక్ష తేదీ మంగళవారం. తండ్రి ఫోన్ రెండు రోజుల నుంచి స్విచాఫ్ వస్తోంది. ఆ ఊరి ఆశా కార్యకర్త నంబర్ కోసం ఇందాకటి నుంచి మా సిస్టర్ పీహెచ్‌సీకి ఫోన్ చేస్తూనే ఉంది.