మూడేళ్ళ పూచీ

మంగళవారం, రాత్రి పదకొండు దాటింది.

ధనుర్మాసం కదా, అత్తయ్య తెల్లవారకముందే గుడికి వెళ్ళి వచ్చేశారు. అప్పటికే నేనూ మా ఆయనా, ఆయన్ని నా దగ్గరికి కెనడా తీసుకెళ్ళే అప్లికేషన్ ఫైలు ముందేసుకుని కూర్చున్నాం. మా ఆయన పాస్‌పోర్టు, ఆధార్, అపాయింట్‌మెంట్ కాగితం, అన్నిటికీ రెండేసి జిరాక్సులు. అత్తయ్య చక్కెర పొంగలి చేతిలో పెట్టి "కాగితాల మీద పడకుండా తినండి" అన్నారు. నెయ్యి మరక పాస్‌పోర్టుకి అంటుకుంటుందేమోనని నేను గుమ్మం దగ్గర నిలబడి తిన్నాను. మా ఆయన ఎడమ పక్కనే నములుతూ తిన్నారు. కుడి పక్క దవడ పన్ను ఆర్నెల్ల నుంచి సలుపుతోంది. తీపి తగిలితే ప్రాణం పోతుందట. చూపించుకోమంటే "చూద్దాంలే" అంటారు.

మల్కాపురం నుంచి మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి బండి మీదే వెళ్ళాం. మంచు పట్టి ఉంది. కంచరపాలెం దగ్గర మఫ్లర్లు చుట్టుకుని నడుస్తున్న వాళ్ళని చూపిస్తూ "అక్కడ చలి దీనికి ఎన్నింతలు ఉంటుంది?" అని అడిగారు. నేను వచ్చిన దగ్గర్నుంచి ఇది నాలుగోసారో ఐదోసారో. కెనడాలో నేనుండే విన్నిపెగ్‌లో ఈ నెలలో మైనస్ ఇరవై, ఒక్కోరోజు ముప్ఫై అని చెప్పాను. విన్నారు. మళ్ళీ అడుగుతారు, తెలుసు. ఆ ప్రశ్న చలి గురించి కాదు. అలవాటైన ఊరు, పరవాడలో చేస్తున్న ఉద్యోగం, అమ్మానాన్న, అన్నీ వదిలి నా వెనక రావడానికి ఒప్పుకున్న మనిషి. ఎన్నిసార్లు అడిగినా చెప్తాను.

ఈ రోజు పని పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, అందరూ పీసీసీ అంటారు. పద్దెనిమిదేళ్ళు దాటాక, గత పదేళ్ళలో వరసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ తేవాలి. మా ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు కాబట్టి ఒక్కటి చాలు. ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే కట్టేశాం. లోపలికి అప్లికెంట్‌ని మాత్రమే పంపారు. టోకెన్ తీసుకుని ఏ, బీ, సీ కౌంటర్లు దాటి బయటికి రావాలి. నేను రోడ్డు పక్కన టీ బండి దగ్గర నిలబడ్డాను.

అక్కడ నాలాగే ఎదురుచూస్తున్న ఒకావిడ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. కొడుకు గల్ఫ్ వెళ్తున్నాడు. కాసేపు మాట్లాడాక "మీ ఆయన నిన్ను తీసుకెళ్తన్నాడా అమ్మా?" అని అడిగారు. "లేదండీ, నేనే ఆయన్ని తీసుకెళ్తున్నాను" అన్నాను. ఆవిడ నన్ను పైనించి కిందికి ఒకసారి చూసి, "అత్తింటోళ్ళు ఒప్పుకున్నారా?" అన్నారు. ఒప్పుకున్నారని చెప్పాను. "అదృష్టవంతురాలివి" అని తన గ్లాసులో టీ ఒంపి నాకు సగం ఇచ్చారు. ఎందుకో ఆ సగం టీ తాగుతుంటే గొంతు పట్టేసింది.

నేను 2018లో చదువుకోవడానికి వెళ్ళాను. 2022లో పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పని. గాజువాకలో మా నాన్నకి తెలిసినవాళ్ళ ద్వారా ఈ సంబంధం వచ్చింది. పోయిన మాఘమాసంలో సింహాచలం కొండ మీద అప్పన్న సన్నిధిలో పెళ్ళయింది. పెళ్ళయ్యాక మూడు వారాలు ఉండి వెళ్ళిపోయాను. ఇప్పుడు మళ్ళీ నెల రోజుల సెలవు. లెక్కేస్తే పది నెలల కాపురంలో కలిసి ఉన్నది ఐదు వారాలు కూడా నిండలేదు.

ఇక్కడే ఉండిపోయి అప్లికేషన్ పెట్టొచ్చు కదా అని చుట్టాలు అడుగుతారు. కుదరదు. కెనడా పౌరులైతే, తమ మనిషి వచ్చే సమయానికి తామూ వెనక్కి వస్తామని చూపించి, బయటి నుంచి కూడా స్పాన్సర్ చేయొచ్చు, అంటే పిలిపించుకోవచ్చు. నాలా పీఆర్ మాత్రమే ఉన్నవాళ్ళు కెనడాలో నివాసం ఉండాలి. సెలవు మీద వచ్చి వెళ్తే పర్వాలేదు గానీ ఇక్కడ మకాం పెట్టకూడదు. అంటే ఆయన్ని తీసుకెళ్ళాలంటే ముందు నేను ఆయన్ని వదిలి వెళ్ళాలి. సంక్రాంతి వెళ్ళగానే నా ఫ్లైట్. ఈలోపు ఇక్కడ చేయాల్సినవన్నీ పూర్తి చేసి, వెళ్ళాక అప్‌లోడ్ చేస్తాను. తర్వాత వాళ్ళు అడిగినప్పుడు ఆయన హైదరాబాద్ వెళ్ళి బయోమెట్రిక్స్, అంటే వేలిముద్రలు, ఫోటో ఇవ్వాలి. దానికి 85 డాలర్లు. తర్వాత మెడికల్.

మా ఆయన ఒంటిగంటకి బయటికొచ్చారు. పోలీస్ వెరిఫికేషన్ అయ్యాక సర్టిఫికెట్ ఇస్తారట. అనుకున్నదే. ఆకలి దంచేస్తుంటే అక్కడే ఒక మెస్‌లో భోంచేశాం. మళ్ళీ ఎడమ పక్కనే నమిలారు.

మధ్యాహ్నం పెళ్ళి వివరాల ఫారం నింపాం. ఎలా పరిచయమయ్యారు, ఎవరు పరిచయం చేశారు, పెళ్ళికి ఎవరెవరు వచ్చారు, ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారు, దూరంగా ఉన్నప్పుడు ఎలా మాట్లాడుకుంటారు. ఫోటోలు, ఫోన్ కాల్స్ లిస్టు, టికెట్లు, నేను పంపిన డబ్బుల రసీదులు జత చేయాలి. శుభలేఖ తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం కూడా కావాలి. రెండు భాషలూ వచ్చు గదా అని నేనే చేసేస్తాననుకున్నాను, కానీ అప్లికెంట్లు గానీ ఇంట్లోవాళ్ళు గానీ చేయకూడదట. రేపు ఎవరినైనా వెతకాలి. ఇవన్నీ ఓపిక ఉంటే అయిపోయేవే.

రాయాలనుకున్నది సాయంత్రం జరిగింది.

టీ తాగాక నేను స్పాన్సర్ ఫారం తీశాను. అందులో అండర్‌టేకింగ్ అని ఉంటుంది. మన మాటల్లో పూచీకత్తు. ఆ మాట నా నోట వినగానే మావయ్య చేతిలో పేపరు పక్కన పెట్టారు.

ఈ ఇంట్లో ఆ మాటకి ఉన్న బరువు నాకు పెళ్ళికి ముందే తెలుసు. మా ఆయన ఏడో తరగతిలో ఉన్నప్పుడు, మావయ్య షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసే రోజుల్లో, ఒకే షిఫ్టు స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టారు. ఆ మనిషి ఆర్నెల్లకే ఊరు వదిలిపోయాడు. నాలుగేళ్ళు మావయ్య జీతంలో కోత. అత్తయ్య గాజులు ఒక జత తర్వాత ఒక జత వెళ్ళిపోయాయి. అప్పటి నుంచి మావయ్య ఎవరి కాగితం మీదా సంతకం పెట్టలేదు. సొంత తమ్ముడు వచ్చి అడిగినా పెట్టలేదు. ఆ మాట మీద ఆయనతో రెండేళ్ళు మాటల్లేవు.

"దేనికి పూచీ? ఎవరికి పూచీ? మొత్తం చదువమ్మా" అన్నారు.

చదివాను. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. మా ఆయన అక్కడ పీఆర్‌గా అడుగుపెట్టిన రోజు నుంచి మూడేళ్ళ పాటు ఆయన తిండి, బట్ట, ఇల్లు నా బాధ్యత. ప్రభుత్వ వైద్యంలో రాని పళ్ళ ఖర్చు, కళ్ళ ఖర్చు కూడా నాదే. ఆ మూడేళ్ళలో ఆయన ప్రభుత్వ సాయం తీసుకుంటే ఆ డబ్బు నేను తిరిగి కట్టాలి. కట్టేదాకా ఇంకెవరినీ స్పాన్సర్ చేయడానికి వీల్లేదు. నా ఉద్యోగం పోయినా, మేం విడిపోయినా, విడాకులైనా ఈ పూచీ పోదు.

విడాకులు అనేసరికి అత్తయ్య "దీపం పెట్టే వేళ అవేం మాటలమ్మా" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. మావయ్య మాత్రం కదల్లేదు. "ఏటన్నావు, ఇంకోపాలి చదువు" అన్నారు. మళ్ళీ చదివాను.

"మరి వాడేటి రాసిస్తాడు?"

అది కూడా ఉందని చూపించాను. తనని తాను పోషించుకోవడానికి చేయగలిగిన ప్రయత్నమంతా చేస్తానని ఆయనా మాటిచ్చి అదే ఫారంలో సంతకం పెట్టాలి. మావయ్య మొహం కొంచెం తేటపడింది. నా దగ్గర ఆ ఫారం తీసుకుని, ఇంగ్లీషు రాకపోయినా, మా ఆయన సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టి చూశారు. "మమ్మల్ని తీసుకెళ్ళాలంటే ఎన్నేళ్ళు?" అన్నారు. తల్లిదండ్రులకైతే ఇరవై ఏళ్ళని చెప్పాను. "అమ్మో, మేం ఇక్కడే ఉంటాం" అని లోపలి నుంచి అత్తయ్య.

నాతో పనిచేసే పంజాబీ అక్క చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. 2012 అక్టోబరు నుంచి 2017 ఏప్రిల్ దాకా ఇంకో షరతు ఉండేది. సంబంధం మొదలై రెండేళ్ళు దాటనివాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు అయితే, వచ్చిన మనిషి స్పాన్సర్‌తో రెండేళ్ళు కలిసి ఉండాలి. లేకపోతే పీఆర్ పోవచ్చు. హింస పెట్టే ఇళ్ళలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉన్నా, అది తెలియక, తెలిసినా నిరూపించుకోలేక ఎంతోమంది ఆడవాళ్ళు భయంతో నోరు మూసుకున్నారని ఆ అక్క కళ్ళనీళ్ళతో చెప్పింది. ఆ షరతు తీసేశారు. ఇప్పుడు కట్టు పిలిపించుకునే మనిషి మీదే ఉంది, వచ్చే మనిషి మీద లేదు. నాకు ఇదే న్యాయం అనిపిస్తుంది. పరాయి దేశంలో దిగే మనిషి చేతులు విడిగా ఉండాలి. 2018లో నేను దిగినప్పుడు నా కోసం పూచీ పడ్డవాళ్ళు ఎవరూ లేరు. మొదటి చలికాలంలో చెప్పులు చిరిగిపోతే ఎవరిని అడగాలో తెలియక వారం రోజులు క్లాసుకి వెళ్ళలేదు. మా ఆయనకి అలాంటి వారం ఒక్కటి కూడా రాకూడదు.

ఈ మాట మావయ్యకి చెప్పాను. చెప్పులు, క్లాసు, అన్నీ. మా అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. "నా ఇష్టంతోనే పెడుతున్నాను మావయ్యా. ఎవరూ అడిగి పెట్టించుకోవడం లేదు" అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. షిప్‌యార్డు వైపు నుంచి సైరన్ వినిపించింది. ఆ చప్పుడుకి ఇప్పటికీ గడియారం వైపు చూస్తారు. చూశారు. తర్వాత, "నేను పెట్టినప్పుడు నాకు ఎవరూ చదివి వినిపించలేదమ్మా. ఎక్కడ పెట్టాలో చూపించారు, పెట్టీసేను" అన్నారు.

ముందు నేను, తర్వాత మా ఆయన సంతకం పెట్టాం. మా ఆయన చెయ్యి కొంచెం వణికింది. నేను చూడనట్టు ఉన్నాను.

భోజనాల దగ్గర అత్తయ్య వంజరం పులుసు వడ్డిస్తుంటే మావయ్య కొడుకు నమలడం చూస్తున్నారు. "ఆ కుడి పక్క పన్ను ఎన్నాళ్ళ నుంచి రా?" అన్నారు. "ఆర్నెల్లు నాన్నా, అదే తగ్గిపోద్ది" అన్నారు మా ఆయన.

"తగ్గదు. అక్కడ పళ్ళ ఖర్చు అమ్మాయి మీద పడుతుందని ఇందాక విన్లేదా? ఎల్లేలోగా ఇక్కడే చూపించీసుకో. కళ్ళు కూడా. అద్దాలు రెండు జతలు చేయించుకో. డబ్బులు నేనిస్తాను."

భోజనమయ్యాక బీరువాలోంచి పింఛను బ్యాంకు పుస్తకం తీసి కళ్ళజోడు పెట్టుకుని చూసుకున్నారు. తర్వాత గోడ మీద కేలండర్ దగ్గరికి వెళ్ళి, గురువారం గడిలో, పాల లెక్క పక్కన, పెన్సిల్‌తో రాశారు: పళ్ళ డాక్టరు, ఉదయం 10.