తమ్ముడి కాలిలోని బ్యాక్టీరియా కోసం నేను పడిన పాట్లు

నిన్న ఫేజ్ (బ్యాక్టీరియోఫేజ్, అంటే బ్యాక్టీరియాను చంపే వైరస్) సీసాలు ఇంటికి చేరాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా తమ్ముడిది పలాస దగ్గర ఉద్దానం పల్లె. జీడితోట సేద్యం. చక్కెర వ్యాధి ఉంది. ఉద్దానంలో చాలామందికిలాగే మూత్రపిండాలూ అంతంతమాత్రం. కాలి పుండు ఎంతకీ మానలేదు. కట్టు విప్పితే గుడ్డ మీద నీలిపచ్చ మరక. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అని చూడగానే అనుకున్నాను, కల్చర్ (పుండులోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) రిపోర్టూ అదే చెప్పింది. మందుల పేర్ల ఎదురుగా పైనుంచి కిందిదాకా ‘ఆర్’, ‘ఆర్’, ‘ఆర్’. అంటే ఆ మందులకు లొంగదని. మిగిలింది కోలిస్టిన్. అది మూత్రపిండాలను దెబ్బతీసే మందు. సర్జన్‌గారు మోకాలి కిందికి తీసేయడం గురించి మెల్లగా మాట మొదలుపెట్టారు.

నేను ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. బ్యాక్టీరియోఫేజ్ బొమ్మ కళ్లు మూసుకుని గీయగలను. అది బ్యాక్టీరియాకు అతుక్కుని తన డీఎన్‌ఏను లోపలికి పంపుతుంది, దాని చేతే తన నకళ్లు తయారు చేయించుకుంటుంది, చివరికి దాన్ని పగలగొట్టుకుని బయటపడుతుంది. మన కణాల జోలికి రాదు. గంగా యమునల నీటిలో కలరా క్రిములు చచ్చిపోతున్నాయని హాన్కిన్ అనే శాస్త్రవేత్త 1896లోనే రాశాడు. 1917లో డెరెల్ అనే మరో శాస్త్రవేత్త ఈ వైరస్‌లకు పేరు పెట్టాడు. యాంటీబయాటిక్‌లు వచ్చాక చాలా దేశాలు వీటిని మరిచిపోయాయి కానీ, జార్జియాలోని త్బిలిసిలో 1923లో మొదలైన ఎలియావా సంస్థ వదల్లేదు. స్థాపించిన ఎలియావాను 1937లో కాల్చి చంపినా సంస్థ నిలిచింది. వాళ్లకు రాస్తే మర్యాదగా జవాబిచ్చారు. ఒక్కో ఫేజ్ కొన్ని రకాల బ్యాక్టీరియానే చంపుతుంది కాబట్టి రోగి ఒంట్లోని బ్యాక్టీరియానే పంపమన్నారు.

తంటా అక్కడే వచ్చింది.

శ్రీకాకుళంలో మేము పరీక్ష చేయించిన ల్యాబుకు వెళ్లి, పలక (పెట్రీ డిష్) మీద పెరిగిన బ్యాక్టీరియా కావాలన్నాను. “రిపోర్టు ఇచ్చేశాం కదమ్మా, ఇంకేం కావాలి?” అన్నాడు కౌంటరులోని అబ్బాయి. పలకలన్నీ పారేశారట. సరే, మళ్లీ శాంపిల్ ఇచ్చి, డబ్బు కట్టి, ఈసారి పారేయవద్దని ఉత్తరం కూడా రాసిచ్చాను. తీరా పలక సిద్ధమయ్యాక, ఇచ్చే నిబంధన లేదన్నారు. ఏ నిబంధనో చూపించమంటే లోపలినుంచి మేనేజర్ వచ్చాడు. ఎందుకని అడిగాడు, చెప్పాను.

“వైరస్‌ను మనిషి ఒంట్లోకి ఎక్కిస్తారా? కరోనా చాలలేదా మీకు?” అని హాలంతా వినపడేలా అన్నాడు. కూర్చున్నవాళ్లు నవ్వారు. నా పక్కనున్నావిడ లేచి అవతలి కుర్చీలోకి మారింది. అన్ని వైరస్‌లూ మనిషికి సోకవని చెప్పబోయాను. “యూట్యూబ్ చూసి వచ్చేస్తారు” అంటూ నా ఉత్తరాన్ని చదవకుండానే నాలుగు మడతలు పెట్టి, దాని మీద తన టీ గ్లాసు పెట్టుకున్నాడు. కాగితం మీద గ్లాసు అడుగు గుండ్రంగా తడిసింది. ఇలాంటివాళ్లకు పాఠం చెప్పే ఓపిక నాకెప్పుడూ ఉండేది. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు.

చివరికి సర్జన్‌గారు ఫోను చేసి, “ఆ ఐసొలేట్ నాకు పంపించండి” అన్నారు (ఐసొలేట్ అంటే నేను అడిగిన ఆ బ్యాక్టీరియానే). అంతే. సాయంత్రానికి మూత బిగించి, పేరు రాసిన గాజు గొట్టం చేతికి వచ్చింది. లేని నిబంధన ఎక్కడినుంచి పుట్టుకొచ్చిందో! చదువుకున్న ఆడమనిషి అడిగితే వెటకారం, డాక్టరు అడిగితే “అలాగే సార్”. కాబట్టి మీకు ఈ అవసరం వస్తే ల్యాబుతో మీరు మాట్లాడకండి. శాంపిల్ ఇచ్చే రోజే డాక్టరు చేత చీటీ మీద రాయించండి.

ఆ తర్వాతవన్నీ సులువే. విశాఖలో కొరియర్ వాళ్లు మూడు పొరల ప్యాకింగ్ చేసి పంపారు. సరిపోయే ఫేజ్ ఉందని త్బిలిసినుంచి జవాబు వచ్చింది. సొంత వాడకానికి విదేశం నుంచి మందు తెప్పించుకోవడానికి ఫారం 12ఎ నింపి, డాక్టరు చీటీ జతచేస్తే 12బి అనుమతి ఇస్తారు. దళారులను నమ్మకండి, ఆ ఫారం ఎవరైనా నింపుకోగలరు.

సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. కరెంటు పోతుందన్న భయంతో ఇన్వర్టరుకు కలిపించాను. సోమవారం నుంచి సర్జన్‌గారే గాజుగుడ్డను ఫేజ్ ద్రవంలో తడిపి కట్టు కడతారు, యాంటీబయాటిక్ కూడా ఆపరు. తర్వాత చేయించే కల్చర్‌కు ఖర్చెక్కువైనా విశాఖకే తీసుకెళ్తాను. ఆ ల్యాబు గడప మాత్రం తొక్కను.