నీళ్లూ కరెంటూ ఒకేచోట: పాలిషింగ్ షెడ్డులో మంగళవారం

రాత్రి కురిసిన వాన తెల్లారేసరికి తెరిపిచ్చింది. అయినా చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ షెడ్లకు బయటి వానతో పనేముంది, లోపల ఏడాదంతా వానే. బ్లేడు మీద నీళ్లు, పాలిషర్ మీద నీళ్లు, కాళ్లకింద బూడిదరంగు రాతిబురద, ఆ బురదలోనే పాములా పడుకున్న కేబుళ్లు.

మిషన్లు ఖాళీగా తిప్పి, ఒక్కో బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంపేసే స్విచ్చు) మీదున్న 'టి' (టెస్ట్) బటన్ నొక్కడంతో మా కరెంటు పనివాళ్ల రోజు మొదలు. టప్‌మని పడాలి, మిషన్ ఆగాలి. మూడో బోర్డులో టప్‌మని పడింది గానీ పాలిషర్ తిరుగుతూనే ఉంది. మూత విప్పితే సంగతి తెలిసింది. మిషన్‌కి వెళ్లే ఫేజు, న్యూట్రల్ రెండూ ఆర్‌సీసీబీ కింద నుంచి ఊడదీసి, ఫేజుని ఎంసీబీకి (కరెంటు మోతాదు మించితే పడే స్విచ్చు), న్యూట్రల్‌ని లింకుకి (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీ) నేరుగా కట్టేశారు. ఆర్‌సీసీబీ బోర్డులో అలంకారంగా మిగిలింది.

"అది ఉంటే పని సాగదు బాబాయ్, రోజుకి పదిసార్లు పడుతుంది" అన్నాడు కుర్రాడు.

పదిసార్లు పడుతోందంటే పదిసార్లు ఏదో చెబుతోందన్నమాట. దాని కింది లోడ్లన్నీ తీసేసి, ఒక్కోటీ కలుపుతూ పోతే ఎక్కడ పడుతుందో దొరుకుతుంది. ఇక్కడ ట్యూబులైటు దగ్గర దొరికింది. దానికి ఫేజు ఈ బోర్డు నుంచి, న్యూట్రల్ మాత్రం దగ్గరుంది కదా అని పక్క బోర్డు నుంచి లాగారు. వెళ్లిన కరెంటు అదే దారిన తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీకి లీకేజీ లాగే కనిపిస్తుంది. ఒక్క న్యూట్రల్ తీగ మార్చడానికి అరగంట పట్టింది. తర్వాత పాలిషర్‌ని ప్లగ్ తీసి 500 వోల్ట్ల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్) చూస్తే 0.6 మెగోమ్. ఒక మెగోమ్ కంటే తక్కువ చూపితే ఆ రోజుకి దాన్ని పక్కన పెట్టాల్సిందే. వైండింగ్‌లోకి తడి చేరింది.

"ఎర్త్ బాగానే ఉంది కదా, ఈ ఆర్‌సీసీబీ ఎందుకు?" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఎర్త్ పిట్ (ఎర్త్ తీగ భూమిలోకి దిగే గొయ్యి) 5 ఓమ్‌లు చూపిస్తోంది, మంచి రీడింగే. పాలిషర్ బాడీకి ఫేజు తగిలితే 230 వోల్ట్లను 5తో భాగించగా 46 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎర్త్‌నీ కలిపితే ఇంకా తక్కువ. బోర్డులో 32 ఆంపియర్ల సి-కర్వ్ ఎంసీబీ ఉంది. అది వెంటనే పడాలంటే అయిదు నుంచి పది రెట్లు, అంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 46కి అది గంట గడిచినా పడకపోవచ్చు. ఆ గంటా బాడీ లైవ్‌లోనే ఉంటుంది, చెయ్యి దాని మీదే ఉంటుంది. తడిసిన ఒంటికి సుమారు వెయ్యి ఓమ్‌లు అనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే 0.3 సెకన్లలోపే తెంపేస్తుంది. ఒక్కటి మాత్రం దానికి చేతకాదు: ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది మనిషో మోటారో దానికి తేడా తెలియదు. ఇంకో సంగతి, 'టి' బటన్ పరీక్షించేది లోపలి మెకానిజాన్నే. ఎర్త్ తీగ తెగిపోయినా బటన్ చక్కగా పనిచేస్తుంది. అందుకే ఎర్త్ కొలత వేరుగా తీసుకోవాలి, పిట్‌లో క్లాంప్ నట్టు తుప్పు పట్టిందేమో కూడా చూసుకోవాలి.

చిన్నపనులు కొన్ని. ప్లగ్ లోపల ఎర్త్ తీగని మిగతా రెండింటికంటే కాస్త పొడుగ్గా ఉంచాం. ఎవరైనా కేబుల్ పట్టి లాగితే అది ఆఖర్న ఊడాలి. కేబుల్ నేరుగా సాకెట్‌లోకి పోకుండా, కిందికి ఒక వంపు తిరిగి పైకెక్కేలా కట్టాం. నీటిచుక్కలు వంపు దగ్గరే రాలిపోతాయి. టేపు చుట్టిన అతుకు ఒకటి కనిపిస్తే కత్తిరించి పారేశాం. తడి నేల మీద టేపు అతుకంటే గాయానికి గుడ్డ చుట్టినట్టే. చేత్తో పట్టుకునే తడి పాలిషర్‌కి గాలితో తిరిగేదే మేలు, కంప్రెసర్ ఖర్చు ఎక్కువైనా సరే.

మధ్యాహ్నం రాయి కోసే బ్రిడ్జ్ కట్టర్ మోటారు టెర్మినల్ బాక్సులో కేబుల్ గ్లాండ్ (కేబుల్ దూరే కంతని బిగించి మూసే బిరడా) ఊడి, లోపలికి బురద పోయింది. ఐసొలేటర్ (మిషన్‌కి సరఫరా పూర్తిగా తెంపే స్విచ్చు) ఆపి, పని చేసేవాడి సొంత తాళం వేసి, తాళంచెవి అతని జేబులోనే పెట్టించాం. తర్వాత మల్టీమీటర్‌ని ముందు లైవ్ సాకెట్ మీద పెట్టి చూసి, బాక్సులో మూడు ఫేజులూ చూసి, మళ్లీ లైవ్ సాకెట్ మీద చూశాం. మధ్యలో మీటరే చచ్చిపోయి సున్నా చూపిస్తే? నియాన్ టెస్టర్‌ని (స్క్రూడ్రైవర్‌లో చిన్న బల్బు వెలిగేది) ఇక్కడ అసలు నమ్మకూడదు. అది వెలగడానికి మన ఒళ్లే దారి. పొడి చెక్క మీద నిలబడితే లైవ్ మీద కూడా వెలక్కపోవచ్చు. ప్యానెల్లో కెపాసిటర్లున్నాయి, సరఫరా తెంపినా వాటిలో కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి ఆపాక అయిదు నిమిషాలు ఆగి, మీటర్‌తో చూసి, అప్పుడే చెయ్యి పెట్టాలి.

సాయంత్రం మూడో బోర్డు మూత వెనక మార్కర్‌తో తేదీ, 'ట్యూబులైటు న్యూట్రల్ మార్చాం' అని రాశాం. పాలిషర్ ఎండలో ఉంది. రేపు మళ్లీ మెగ్గర్ పెట్టాలి. గ్లాండులు రెండు తేవాలి.