రాజమండ్రికి పంకా విమానంలో, వైజాగ్ నుంచి జెట్‌లో

2023 సంక్రాంతి వెళ్ళిన వారానికి రాజమండ్రిలో ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చింది. మా మేనల్లుడు ఏడో తరగతి, విమానాలంటే పిచ్చి, వాణ్ణి కూడా తీసుకెళ్ళాను. వెళ్ళేది ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానంలో అని తెలియగానే అక్క "పంకా విమానమా, వద్దురా, రైల్లో వెళ్ళండి" అంది. ఈ మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది, పంకా కనిపిస్తే పాతకాలపు విమానం అనుకుంటారు, అది తప్పు అని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

శంషాబాద్‌లో బస్సు దిగి విమానం దగ్గరికి వెళ్తే, మెట్లు తోక వైపున్నాయి. ఏటీఆర్‌కి ముందు భాగంలో సామాను పెడతారు, మనుషులు వెనక నుంచి ఎక్కుతారు. అందరూ ఒకేసారి వెనక చేరితే ముక్కు పైకి లేవకుండా తోక కింద ఒక కర్ర లాంటి ఊతం నిలబెడతారు, మావాడే ముందు దాన్ని చూశాడు. రెక్కలు మన తల మీదుగా ఉంటాయి, ఇంజన్లు వాటికే వేలాడుతుంటాయి, ఒక్కో పంకాకి ఆరు రెక్కలు. లోపల తిరిగేది మాత్రం జెట్ ఇంజనే, కిరోసిన్ లాంటి ఇంధనాన్నే మండిస్తుంది, కాకపోతే ఆ శక్తిలో ఎక్కువ భాగం గేర్ల ద్వారా పంకాని తిప్పడానికి పోతుంది. దీన్నే టర్బోప్రాప్ అంటారు.

గాల్లోకి లేచాక అక్కడక్కడా కుదుపులు తగిలాయి. జెట్‌లంత ఎత్తుకి ఇది వెళ్ళదు కాబట్టి మబ్బుల మధ్యే ఎక్కువసేపు ఉంటుంది, అంతే తప్ప అందులో ప్రమాదం ఏమీ లేదు. గంటకి 500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి గాల్లో సుమారు 360 కిలోమీటర్లు, అంత దూరానికి జెట్ పైకి ఎక్కీ ఎక్కగానే మళ్ళీ దిగడం మొదలుపెట్టాలి, దాని వేగం పనికొచ్చే సమయమే ఉండదు, పైగా ఇంధనం ఎక్కువ తాగుతుంది. రెక్క పైన ఉండటం వల్ల కిందికి చూడటానికి ఏదీ అడ్డు రాదు. గోదావరి కనిపించినప్పుడు లంకలు, ఇసుక తిన్నెలు, వంతెనలు అన్నీ చేతికి అందేంత దగ్గరగా అనిపించాయి, మేమిద్దరం కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాం.

మధురపూడిలో దిగి టాక్సీలో ఊళ్ళోకి వెళ్తుంటే వాడి అసలు ప్రశ్న వచ్చింది. "మావయ్యా, రెక్క పైన గాలికి దూరం ఎక్కువ కదా, కింద గాలిని చివర్లో కలవాలని వేగంగా వెళ్తుందంట, అందుకే లేస్తుందంట, నిజమేనా?" నేనూ చిన్నప్పుడు ఇదే చదువుకున్నాను. పై గాలి వేగంగా వెళ్ళడం నిజమే గానీ, కింద గాలిని కలవాల్సిన అవసరం దానికేమీ లేదు, నిజానికి అదే ముందు దాటిపోతుంది. రోడ్డు ఖాళీగా ఉంటే కిటికీలోంచి కాసేపు చెయ్యి పెట్టి, అరచేతి ముందు భాగాన్ని కొంచెం పైకి ఎత్తమన్నాను. చెయ్యి దానంతటదే పైకి లేచింది. రెక్క పైనా కిందా పోయే గాలి రెండూ కిందికి వంగుతాయి, గాలిని కిందికి తోసినందుకు రెక్క పైకి లేస్తుంది, పైన ఒత్తిడి తక్కువ, కింద ఎక్కువ. చెయ్యి మరీ ఎక్కువ ఎత్తితే లేవడం పోయి వెనక్కి కొట్టుకుపోయింది, విమానం వేగం తగ్గి ముక్కు బాగా పైకి లేచినప్పుడు జరిగే ఇబ్బంది అదే.

పెళ్ళి అయ్యాక రైల్లో వైజాగ్. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 ఉంది. 29 ఏళ్ళు మన నౌకాదళంలో పనిచేసి 2017 మార్చిలో అరక్కోణంలో రిటైరైన విమానం అది, విప్పి తీసుకొచ్చి ఇక్కడ మళ్ళీ బిగించారు. దాని కింద నిలబడినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 50 మీటర్లు, జెట్ విమానానికి లాగా వెనక్కి వాలి ఉంటాయి, కానీ నాలుగు ఇంజన్లకీ పంకాలే. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు పంకాలు, ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. ముందు పంకా గాలిని సుడి తిప్పి వృథా చేసిన శక్తిని వెనక పంకా రాబట్టుకుంటుంది. అందుకే ఇంత పెద్ద విమానం జెట్‌లకి దగ్గరగా వచ్చే వేగంతో, గంటల తరబడి సముద్రం మీద తిరుగుతూ జలాంతర్గాముల కోసం వెతకగలిగేది. నీళ్ళలోకి జారవిడిచి శబ్దాలు వినే సోనోబాయ్‌లు కూడా చూశాం. దీని పని ఇప్పుడు పీ-8ఐ చేస్తోంది, అది బోయింగ్ 737 నుంచి తయారైన జెట్, అది కూడా గొప్ప విమానమే, కానీ నా మనసు మాత్రం ఈ నాలుగు జతల పంకాల దగ్గరే ఉండిపోయింది.

తిరుగు ప్రయాణం ఏ320 నియో అనే జెట్‌లో. ముందు మెట్ల మీద నుంచి ఇంజన్ నోరు బాగా కనిపించింది, సముద్రపు గాలికి లోపలి రెక్కలు మెల్లగా తిరుగుతున్నాయి. "మావయ్యా, ఇదీ పంకానే కదా!" అని వాడు అక్కడే ఆగిపోయాడు, వెనక వాళ్ళు తొందరపెట్టారు. వాడన్నది నిజం. ఈ ఇంజన్ పీల్చే గాలిలో మంట దాకా వెళ్ళేది చాలా కొంచెం, దానికి పది రెట్లకి పైగా గాలిని ముందున్న పెద్ద ఫ్యాన్ మంట పక్కనుంచే వెనక్కి తోసేస్తుంది. ముందుకు తోసే బలంలో ఎక్కువ భాగం ఆ గాలి వల్లే వస్తుంది.

రెక్కకి కాస్త వెనక సీటు దొరికింది. శంషాబాద్ దగ్గరవుతుంటే రెక్క వెనక అంచు మెల్లగా జారి కిందికి వంగింది, అవి ఫ్లాప్స్, వేగం తగ్గినా గాలిని మరింత కిందికి వంచి విమానాన్ని పడిపోకుండా మోస్తాయి. చక్రాలు నేలకి తగిలాయో లేదో రెక్క మీద పలకలు ఒక్కసారిగా నిటారుగా లేచాయి. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. స్పాయిలర్లురా, రెక్కకి ఇంక ఎత్తే పని లేదని చెప్పి బరువంతా చక్రాల మీదకి దింపుతున్నాయి, అప్పుడే బ్రేకులు పట్టేది అన్నాను. పలకలు మళ్ళీ పడుకునేదాకా వాడు కిటికీ వదల్లేదు, బయటికి రాగానే అక్కకి ఫోన్ చేసి "అమ్మా, అన్నిటికీ పంకాలే ఉంటాయి" అన్నాడు.