స్వీయ రోత ప్రశ్నావళిని ఫార్సీలోకి తేవడం: నా అనుభవం

తన మీద తనకే పుట్టే రోతను కొలిచే ప్రశ్నావళిని మనస్తత్వ పరిశోధకుడు ఓవర్టన్ బృందం 2008లో ఇంగ్లీషులో తెచ్చింది. 2015 నాటి సవరించిన రూపంలో 22 వాక్యాలు. లెక్కలోకి వచ్చేవి 15, మిగతా 7 మధ్యలో కలిపిన మామూలు వాక్యాలు. ఇరాన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం దాన్ని ఫార్సీలో సిద్ధం చేస్తుంటే, గణాంకాల కన్నా ‘రోత’ అనే ఒక్క మాటే మాకు ఎక్కువ రోజులు తినేసింది.

ముందు తట్టేది నెఫ్రత్. హైదరాబాద్ ఉర్దూలో వినే నఫ్రతే. వాక్యం సాఫీగా కుదురుతుంది గానీ అది రోత కాదు, ద్వేషం. ఎన్‌జెజార్ అంటే రోతే గానీ, పుస్తకాల మాట. చెందెష్ బొద్దింకను చూస్తే పుట్టే జలదరింపు. ఒంటి గురించిన వాక్యాల్లో బాగుంది, ప్రవర్తన దగ్గర తేలిపోయింది. చివరికి ‘హాలమ్ బె హమ్ మీఖొరద్’ (కడుపులో తిప్పుతోంది) దారి చూపింది, ఎందుకంటే వికారం అందులోనే ఉంది.

తిరుగు అనువాదం (ఫార్సీ వాక్యాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చి సరిచూడటం) చేసేవాళ్లకు మూలం తెలియకూడదు. తెలిస్తే నెఫ్రత్‌ను చూసి కూడా అలవాటుగా రోత అనే రాసేస్తారు, తప్పు బయటపడదు.

ఒక్కో వాక్యం ఎంత అవసరమో నిపుణులను అడిగి, వాళ్ల ఏకాభిప్రాయాన్ని లాషే పద్ధతిలో కొలుస్తాం. పదిమంది నిపుణులకు ఆయన పట్టికలో కనీస విలువ 0.62. ఎనిమిది మంది ‘తప్పనిసరి’ అంటే వచ్చేది 0.60. అంటే తొమ్మిది మంది ఒప్పుకోవాలి! అలా తప్పిన వాక్యాన్ని వెంటనే పీకేయకండి. మాట మార్చి మళ్లీ చూపించండి.

ప్రతి వాక్యానికీ జవాబు 1 నుంచి 7 దాకా ఉన్న అంకెల్లో ఒకటి. ఫార్సీ కుడి నుంచి ఎడమకు కదా, 1 కుడి చివర ఉండాలి. ఆన్‌లైన్ ఫారం ఎడమ నుంచి మొదలుపెడితే కొందరు తిరగేసి గుర్తు పెడతారు. రెండు చివర్లా మాటల్లో కూడా రాయాలి. పుట్టిన ఏడు ఇరాన్ క్యాలెండరులో 1382 అని వస్తుంది, మన లెక్కలోకి మార్చాలంటే 621 కలపాలి (జనవరి నుంచి మార్చి 20 దాకా పుట్టినవాళ్లకు 622). అరబిక్ కీబోర్డు ‘యే’, ‘కాఫ్’ అక్షరాలు కంటికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు వేరు; అవి ఫార్సీవాటితో కలిస్తే ఒకే కోర్సు పేరు రెండుగా లెక్కకొస్తుంది.

విద్యార్థుల జవాబులు ‘నాకలా అనిపించదు’ వైపు కుప్పపడతాయి. అందుకే వాక్యాల మధ్య సంబంధాన్ని లెక్కగట్టడానికి మామూలు పియర్సన్ కాకుండా, ఇలాంటి మెట్ల జవాబుల కోసం ఉన్న పాలీకోరిక్ సహసంబంధాలు, వాటికి తగిన అంచనా పద్ధతి వాడాలి. కారకాలను (జవాబుల్లో ఒకటిగా కదిలే వాక్యాల గుంపుల వెనక ఉన్న అంశాలను) వెతికే సగం నమూనా వేరు, నిర్ధారించే సగం వేరు. వ్యతిరేక దిశలో రాసిన వాక్యాలన్నీ ఒకచోట చేరి కొత్త కారకంలా కనిపిస్తే సంబరపడొద్దు. చాలాసార్లు అది వాక్యం తిప్పి రాయడం వల్ల వచ్చిన గుంపే. వాటి మార్కును 8లోంచి తీసేయడం మరిచారేమో కూడా చూడండి.

జవాబులు నిలకడగా ఉన్నాయో చూడటానికి రెండు వారాల తర్వాత అదే విద్యార్థులతో మళ్లీ నింపించేటప్పుడు ఆ గడువు పరీక్షల మీద పడకూడదు. రెండు ఫారాలనూ జత చేయడానికి మారుపేరు రాయమంటే మరిచిపోతారు; తల్లి పేరు మొదటి రెండక్షరాలు, పుట్టిన తేదీ కలిపిన కోడ్ నయం.

ఆఖరి పేజీలో విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రం నంబరుతో పాటు పనివేళలూ రాయండి. ఇలాంటి ఫారాన్ని అర్ధరాత్రి తెరిచేవాళ్లూ ఉంటారు.