అనుకోకుండా డబ్బొస్తే యూనివర్సల్ క్రెడిట్ ఏమవుతుంది

యూకేలో యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే బెనిఫిట్ డబ్బు) తీసుకునే మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఊళ్ళో పొలం అమ్మిన వాటా వచ్చినా సేవింగ్స్ కిందే లెక్క, ఇండియా బ్యాంకులో ఉన్నా చెప్పాల్సిందే, భార్యాభర్తలిద్దరిదీ కలిపే చూస్తారు. 6,000 పౌండ్ల దాకా ఏం కాదు. ఆపైన ప్రతి 250కి, లేదా అందులో ముక్కకైనా, నెలకి 4.35 కోస్తారు, అంటే 7,000 ఉంటే 17.40 పోతుంది, 16,000 దాటితే మొత్తం ఆగిపోతుంది. పాత బెనిఫిట్ బకాయిలు ఒకేసారి పడితే మాత్రం మామూలుగా ఏడాదిపాటు లెక్కలోకి రావు, చాలామందికి ఇది తెలీక అనవసరంగా భయపడిపోతున్నారు. బెనిఫిట్ కోసం డబ్బు అక్క పేరు మీదకి మార్చేస్తే ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు లెక్కేస్తారు, అప్పులు తీర్చుకోవడం పర్లేదు. ధరలు ఇంత పెరిగినా ఈ లిమిట్లు పెంచకపోవడం చాలా అన్యాయం అండి.